ట్రంకు పెట్టెల యాదగిరి, మేము రాసిన కథ

ముందే చెప్పేస్తాను. నేను నా జీవితంలో ఒక్క రూపాయి వ్యాపారం చేయలేదు. మా నాన్న గుంటూరు వైపు నుంచి వచ్చి సికింద్రాబాదులో మిషన్ బడిలో లెక్కలు చెప్పారు. అమ్మ అదే బడిలో చిన్న తరగతులకు పాఠాలు చెప్పింది. మా వంశంలో కొట్టు పెట్టినవాళ్లు ఎవరూ లేరు. అలాంటి ఇంట్లో పుట్టి, చిన్న వ్యాపారులు పని ఎలా నేర్చుకుంటారు, కొత్త వస్తువు వాళ్ల చేతిలో ఎలా పుడుతుంది అని చదవడమే ఉద్యోగంగా పెట్టుకున్నాను. రిటైరయ్యేదాకా ఒక మేనేజ్‌మెంట్ సంస్థలో అదే పని చేశాను.

మా పెద్దమ్మ కొడుకు ప్రతి పెళ్లిలోనూ నన్ను పట్టుకుని అడిగేవాడు. "సుశీలా, ఈత రానివాళ్లు ఒడ్డున కూర్చుని ఈత గురించి రాయడమేనా నీ ఉద్యోగం?" అవునన్నయ్యా, ఎవరు మునుగుతున్నారో ఒడ్డు మీద నుంచే బాగా కనిపిస్తుంది అనేదాన్ని. ఆయనకు నవ్వు వచ్చేది, నాకు ఒళ్లు మండేది. ఎందుకంటే ఇది తేలిక పని కాదు. మనిషి తాను నేర్చుకున్నది ఎలా నేర్చుకున్నాడో తనకే తెలియదు. తెలియనిదాన్ని ఆయన నోటి నుంచే రాబట్టాలి. ఇప్పుడు ఈ పనిలోకి వస్తున్న పిల్లలు చాలామంది ఫోన్లో ప్రశ్నలు పంపించి, వచ్చిన జవాబులను కంప్యూటర్లో వేసి పరిశోధన అంటున్నారు. వాళ్ల కోసమే ఇది రాస్తున్నాను. ప్రమోషన్ల సంగతులు, సెమినార్లలో వేసిన శాలువాల సంగతులు ఇందులో ఉండవు.

"ఎందుకు" అని అడగకండి

నాకు ఈ పని నేర్పింది మా ప్రొఫెసర్ శేషాచార్యులు గారు. పొట్టి మనిషి, పెద్ద గొంతు. ఆయన గురించి మంచీ చెడూ రెండూ చెప్పాలి. మంచి ముందు చెప్తాను.

ఉద్యోగంలో చేరిన కొత్తలో సీతాఫల్‌మండిలో ఇడ్లీ పిండి రుబ్బి అమ్మే ఒక ఆవిడ దగ్గరకు నన్ను పంపారు. నేను చక్కగా చీర కట్టుకుని వెళ్లి, "మీరు ఈ వ్యాపారం ఎందుకు మొదలుపెట్టారండీ?" అని అడిగాను. ఆవిడ గొంతు సవరించుకుని, "ఆడవాళ్లు తమ కాళ్ల మీద తాము నిలబడాలని, నలుగురికి ఆదర్శంగా ఉండాలని" అంది. నేను పొంగిపోయి అంతా రాసుకొచ్చాను. ఆచార్యులు గారు అది చదివి కాగితాలు బల్ల మీద పడేశారు.

"అమ్మా, ఇది టీవీలో ఆవిడ విన్న మాట. ఎందుకు అని అడిగితే మనిషి నీకు ఉపన్యాసం ఇస్తుంది. మొదటిసారి పిండి అమ్మిన రోజు పొద్దున ఏం జరిగిందో అడుగు. ఎవరొచ్చారు, చేతిలో ఏ గిన్నె ఉంది, ఏమన్నారు. అంతే అడుగు."

మళ్లీ వెళ్లి అలాగే అడిగాను. ఆవిడ నవ్వింది. పక్కింట్లో గ్రైండర్ కాలిపోతే, నానబెట్టిన పప్పు పులిసిపోతుందని ఆ పక్కింటావిడ గిన్నెతో వచ్చిందట. ఈవిడ రుబ్బి ఇచ్చింది. మర్నాడు గ్రైండర్ బాగయింది, అయినా ఆవిడ మళ్లీ గిన్నెతో వచ్చింది. "గప్పుడనుకున్న, ఈమెకు రుబ్బరాక కాదు, కడుగుడు తక్లీఫ్ అని" అంది పిండి అమ్మే ఆవిడ. గ్రైండర్ కడగడం ఎవరికీ ఇష్టం ఉండదన్న ఒక్క ముక్క మీద ఆవిడ వ్యాపారం నడుస్తోంది. ఆదర్శం గీదర్శం ఏమీ లేదు. ఆ రోజు నుంచి నేను ఎవరినీ ఎందుకు అని అడగలేదు. ఇంట్లో మా ఆయనను తప్ప.

పెట్టె మీద పరుపు

ఇక యాదగిరి. నా ఉద్యోగం మొత్తంలో ఒక్కరి గురించి చెప్పమంటే ఈయన గురించే చెప్తాను.

తిరుమలగిరిలో మిలటరీ వాళ్ల క్వార్టర్లకు దగ్గరగా ఒక సందులో యాదగిరికి రేకుల షెడ్డు ఉండేది. మిలటరీ కుటుంబాలకు నల్ల ట్రంకు పెట్టెలు చేసేవాడు. రెండు మూడేళ్లకొకసారి ట్రాన్స్‌ఫర్ వస్తుంది, ఇల్లంతా పెట్టెల్లోకి వెళ్తుంది, పెట్టె మీద తెల్ల రంగుతో పేరూ నంబరూ రాయించుకుంటారు. ఆ సందులో పెట్టెలు చేసేవాళ్లు వేరేవాళ్లూ ఉండేవారు. కానీ అందరూ యాదగిరి దగ్గరికే వచ్చేవారు, ఎందుకంటే ఆయన పెట్టెలన్నీ ఒకే ఎత్తు, పై మూత సాఫుగా బల్లలా ఉండేది. గుండ్రటి మూత మానేసి అలా చేయడం అక్కడ ఆయనే మొదలుపెట్టాడు.

నేను మొదటిసారి వెళ్లినప్పుడు ఆయనకు ముప్పై ఏళ్లు దాటి ఉంటాయి. రేకు మడుస్తూనే మాట్లాడాడు. మొదటి సాఫు మూత పెట్టె ఏ రోజు చేశారు, దానికి ముందు ఏం జరిగింది అని అడిగాను.

"ఏం లేదు మేడం, డెలివరీ ఇయ్యనీకి ఒక హవల్దార్ సాబ్ ఇంటికి వోయిన. ఆ అమ్మ నా పెట్టె ఒకటి, పాత పెట్టె ఒకటి పక్కపక్కకు పెట్టి మీద పరుపు ఏసింది. దివాన్ లెక్క. నా పెట్టె పొడుగున్నది, అది పొట్టిగున్నది. నడుమ గుంత వడ్డది. పిల్ల పండుకుంటే దొర్లి అండ్ల వడుతుంది. ఆమె నన్ను తిట్టింది."

"ఏమని తిట్టింది?"

"ఏం పెట్టె చేసినవయ్యా, మీద కూసుంటే గుచ్చుతది అని. నాకైతే మస్తు కోపమొచ్చింది. పెట్టె బట్టలు వెట్టనీకి గాని పండనీకా? కని మల్లొక ఇంటికి వోతే ఆడ సుత గట్లనే ఏసిండ్రు. మూడో ఇంట్ల సుత గంతే. గప్పుడు సమజైంది, వీళ్లు పెట్టె కొంటలేరు, మంచం కొంటుండ్రు అని. మంచం మోసుకవోలేరు గదా, పెట్టెనైతే లారీల ఏస్తరు."

 ఎన్నో పెద్ద పుస్తకాలు చదివి నేను వెతుకుతున్న సంగతి ఇదే. కొత్త వస్తువును కొనేవాళ్లే ముందు తయారు చేసేసుకుంటారు. చేసేవాడు వాళ్లింటికి వెళ్లి, వాళ్ల తిట్టు తిని, కోపం దిగాక మళ్లీ ఆలోచిస్తే అది వస్తువు అవుతుంది. యాదగిరి గొప్పతనం పెట్టెలు ఆయనే స్వయంగా ఇంటికి చేర్చడంలో ఉంది. డెలివరీకి వేరే మనిషిని పెట్టుకుని ఉంటే ఆ గుంత ఆయనకు కనిపించేదే కాదు.

ఆచార్యులు గారి మెరుపు

ఇక ఆచార్యులు గారి చెడు.

నేను రాసిన కేసును ఆయన దిద్దారు. మా పనిలో కేసు అంటే ఒక వ్యాపారి అనుభవాన్ని క్లాసులో చర్చించడానికి వీలుగా రాసిన పాఠం. దిద్ది నా చేతికిచ్చినదాంట్లో హవల్దార్ గారి భార్య లేదు, పరుపు లేదు, తిట్టు లేదు. యాదగిరి ఒక రోజు ఒంటరిగా షెడ్డులో కూర్చుని ఉండగా మెరుపులా ఆలోచన తట్టింది, పెట్టెను ఫర్నిచర్‌గా ఊహించాడు అని ఉంది.

నేను ఆయన గదిలోకి వెళ్లి నిలబడ్డాను. "సర్, ఇలా జరగలేదు. అడగమని మీరే నేర్పారు, అడిగాను, ఆయన చెప్పాడు."

"అమ్మా సుశీలా, క్లాసులో కూర్చునే పిల్లలు ఇరవై రెండేళ్లవాళ్లు. వాళ్లకు హీరో కావాలి. తిట్లు తినే హీరో ఎవడికి నచ్చుతాడు? పాయింటు ఒకటే కదా, పెట్టె మంచమైంది."

"పాయింటు ఒకటి కాదు సర్. ఇది చదివిన పిల్లలు షెడ్డులో కూర్చుని మెరుపు కోసం చూస్తారు."

"చూడనీ. కొందరికి మెరుస్తుంది." నవ్వేసి పంపించారు.

గట్టిగానే పోట్లాడాను, ఓడిపోయాను. కేసు ఆయన పేరుతో, యాదగిరి అసలు పేరుతో, ఫోటోతో అచ్చయింది. పెద్దవాళ్లు ఒక పనిని మనకు బంగారంలా నేర్పి, వాళ్లే దాన్ని పక్కన పెట్టడం మీరూ చూస్తారు. అప్పుడు వాళ్లు నేర్పింది నిలబెట్టుకోండి, వాళ్లు చేసింది వదిలేయండి. ఆయన పోయిన రోజు నేను ఏడ్చాను, ఈ కేసు విషయంలో మాత్రం ఇప్పటికీ క్షమించలేదు.

తర్వాత ప్రతి ఏడూ యాదగిరిని క్లాసుకు పిలిచేవారు. మొదటి ఏడు ఆయన వచ్చి బెరుకుగా నిలబడి, డెలివరీకి పోయిన సంగతి నాలుగు మాటల్లో చెప్పాడు. పిల్లలు మర్యాదకు చప్పట్లు కొట్టారు. రెండో ఏడు ఎవరో కేసు చదివి వినిపించారు, మెరుపు దగ్గర చప్పట్లు మోగాయి. మూడో ఏడు ఆయనే, "ఒక దినం ఒక్కన్నే కూసున్న, దిమాక్‌ల బల్బ్ వెలిగింది" అని మొదలుపెట్టాడు. హాలు హోరెత్తిపోయింది. నేను వెనక వరుసలో కూర్చుని ఆయన ముఖం చూశాను. అబద్ధం చెబుతున్నవాడి ముఖం కాదు అది. నమ్మేశాడు.

"ముచ్చట్లు చేస్తుండు"

చాలా ఏళ్లు గడిచాయి. నా చివరి పీహెచ్‌డీ విద్యార్థిని అనూష, అల్వాల్ అమ్మాయి, పాత కేసుల్లోని వ్యాపారులు ఇప్పుడెలా ఉన్నారో చూస్తానంది. జాబితాలో మొదట యాదగిరి దగ్గరికే పంపాను. రెండు వారాలు అక్కడ కూర్చుని, ఆయన రోజంతా ఏం చేస్తున్నాడో చూసి రమ్మన్నాను. వారం తిరగకుండానే వచ్చింది.

"మేడం, ఆయన షెడ్డు మూసేసేలా ఉన్నారు."

నేను కూడా వెళ్లాను. సందులోకి వెళ్లగానే కనిపించింది పెద్ద బోర్డు, మీద ఆయన ఫోటో, కింద 'ఆవిష్కర్త' అని ఉంది. రేకుల షెడ్డు ముందు అద్దాల గది కట్టాడు. గదిలో యాదగిరి కూర్చుని ఉన్నాడు, వెనక గోడ మీద మా సంస్థ ఇచ్చిన ఫోటోలన్నీ వరుసగా ఉన్నాయి. పక్కన ఒక పెట్టె, దానికి చక్రాలు, మడత బల్ల, మూత లోపల లైటు. పేరు సూపర్ దివాన్. అలాంటివి షెడ్డు నిండా దుమ్ము పట్టి ఉన్నాయి.

"నా ఐడియానే మేడం. కూసుంటే వచ్చింది. కని పబ్లిక్‌కు సమజైతలేదు. గిప్పుడు అందరు ప్లాస్టిక్ డబ్బాలు కొంటుండ్రు. ఈ దందా అయిపోయింది."

ఆయన భార్య లక్ష్మి లోపలి నుంచి టీ తెచ్చింది. పెళ్లైనప్పటి నుంచి రంగు వేసేది, పేర్లు రాసేది ఆవిడే. కప్పు నా చేతిలో పెడుతూ, ఆయన వినేటట్టే అంది. "మా ఆయన ఇప్పుడు పెట్టెలు చేస్తలేడు మేడం, ముచ్చట్లు చేస్తుండు. మీ కాలేజోళ్లు పిలుసుడు, ఈయన పోవుడు. పెట్టెలు ట్రాలీ ఆటోవోడు తీస్కపోతుండు. ఈయనేమో వచ్చే దసరా దాంక చూస్త, గాడికి షెడ్డు ఇడిసిపెడుదాం అంటుండు. ఇడిసిపెట్టి ఏం జేస్తడు? యాభై దాటినంక కొత్తగ ఏం నేర్సుకుంటడు?"

యాదగిరి లేచి గోడ మీద వంకరగా ఉన్న ఒక ఫోటోను సరిచేశాడు. మేం టీ తాగి లేచాం.

బయటికి వచ్చాక అనూషను అడిగాను. "నువ్వున్న రోజుల్లో ఆయన ఎన్ని ఇళ్లకు వెళ్లాడు?"

"ఒక్కదానికీ వెళ్లలేదు మేడం. లక్ష్మి గారు చెప్పారు, కొన్నేళ్లుగా వెళ్లలేదట."

జబ్బేమిటో ఇద్దరికీ తెలిసిపోయింది. మందు చెప్పకూడదు. మా పనిలో గట్టి కట్టుబాటు అది. పరిశీలించేవాళ్లు సలహా ఇవ్వకూడదు. ఇచ్చామంటే ఆ మనిషి ఏం నేర్చుకున్నాడో, మనం ఏం నేర్పామో కలిసిపోతుంది, అమ్మాయి థీసిస్ చెల్లదు. ఆ కట్టుబాటును నేను వెక్కిరించను. మంచి కారణంతోనే పెట్టారు. కానీ దసరా దాకా అద్దాల గదిలో కూర్చుని ఒక మనిషి తన షెడ్డు పోగొట్టుకుంటుంటే, పక్కన కూర్చుని ఎన్ని గంటలకు టీ తాగాడో రాసుకోవడం కూడా నా వల్ల కాదు. పైగా ఆ అద్దాల గదికి పునాది వేసింది మా క్లాసురూమే.

మిలటరీ క్వార్టర్ల మెట్లు

రెండు రోజులు ఆలోచించి అనూషకు ఒక పని చెప్పాను. "నీకు పెట్టెలు వాడే ఇళ్లు చూడాలి కదా. ట్రాలీ ఆటో అబ్బాయితో వెళ్తే ఎవరు లోపలికి రానిస్తారు? యాదగిరి గారిని తోడు రమ్మని అడుగు. నీ పని కోసం అడుగు. అంతకు మించి ఒక్క మాట అనకు."

"ఇది సలహా కాదా మేడం?"

"సాయం అడగడం. సలహా ఇవ్వడానికి ఫీజు ఉంటుంది, సాయం అడగడానికి సిగ్గు వదిలితే చాలు."

ఆయన ముందు ఒప్పుకోలేదు, మోకాళ్ల నొప్పులన్నాడు. లక్ష్మి, "ఆడివిల్ల అడుగుతుంది, జెర పోయిరాలేవా" అని చెప్పులు తెచ్చి ముందు పడేసింది. ఇద్దరూ మొదట వెళ్లింది మూడో అంతస్తులోని ఒక కొత్త క్వార్టరుకు. నాయక్ హోదాలో ఉన్న ఒక సైనికుడి భార్య తలుపు తీసింది. నేల మీద తెల్లటి టైల్స్. యాదగిరి చేసిన పాత పెట్టెల కింద నాలుగు మూలలా హవాయి చెప్పులు కోసి ముక్కలు పెట్టి ఉన్నాయి.

యాదగిరి గుమ్మంలోనే ఆగిపోయాడట. తర్వాత మోకాళ్ల నొప్పుల మనిషి నేల మీద బోర్లా పడుకుని పెట్టె కింద చూశాడట. "ఇదేందమ్మా, చెప్పులు ఎందుకు పెట్టినవ్?" అని అడిగాడు. ఆవిడ ఊరుకుంటుందా. తుడిచినప్పుడల్లా నీళ్లు కిందికి పోయి రేకు తుప్పు పడుతోంది, టైల్స్ మీద ఎర్ర మచ్చలు, ఇల్లు ఖాళీ చేసేటప్పుడు ఆ మచ్చలకు మాకు జీతంలో కోత వేస్తారు, జరిపితే గీతలు, ఇలాంటి పెట్టెలు చేసినవాడిని పట్టుకుని ఆ తుప్పు నాకించాలి అని హిందీలో దులిపేసింది. చేసినవాడు తన ముందే పడుకుని ఉన్నాడని ఆవిడకు తెలియదు.

 యాదగిరి లేచి దుమ్ము దులుపుకుని, "పక్కింట్ల సుత గిట్లనే ఉన్నదా?" అని అడిగాడు. ఆ రోజు ఆ బిల్డింగు అంతా ఎక్కి దిగాడు. ఎవరి ఇంట్లో చెప్పు ముక్కలు, ఎవరి ఇంట్లో ఇటుకలు, ఒకరింట్లో పాత క్యారమ్ బోర్డు. మర్నాడు ఉదయం అద్దాల గదిలోకి వెళ్లలేదు, వెనక షెడ్డులోకి వెళ్లాడు. పెట్టె అడుగున నాలుగు మూలలా మందపాటి రబ్బరు కాళ్లు బిగించాడు, తుడుపుకర్ర దూరేంత ఎత్తు పెట్టాడు. మొదటిసారి చేసినవి మెట్ల మీద ఊడిపోయాయి. నాయక్ గారి భార్య మళ్లీ తిట్టింది. రెండోసారి లోపలి నుంచి బోల్టు వేశాడు, నిలిచాయి.

దసరాకు షెడ్డు విడిచిపెట్టలేదు. పాత పెట్టెలకే రబ్బరు కాళ్లు వేయించుకోవడానికి జనం వచ్చారు. సంక్రాంతి వెళ్లేసరికి ఇంకొక బిల్డింగు వాళ్లు కొత్త పెట్టెలు అడిగారు. బోర్డు ఇంకా అలాగే ఉంది కానీ అద్దాల గది అద్దాలు తీసేసి అక్కడ రేకులు పేర్చాడు. పెద్ద సంపద ఏమీ రాలేదు. షెడ్డు నిలబడింది. నేను, అనూష, లక్ష్మి ముగ్గురం ఆ కొత్త పెట్టెలు అడిగిన రోజు షెడ్డు ముందు కలిసి మిర్చి బజ్జీలు తిన్నాం. నా ఉద్యోగంలో ఏ సన్మానంలోనూ అంత రుచి చూడలేదు.

థీసిస్ చూసే కమిటీలో ఒకాయన ఇంకో నగరం నుంచి వచ్చారు. కళ్లజోడు మీద నుంచి చూస్తూ, "మీరు జోక్యం చేసుకున్నారు కదా? మీరు తోడు అడగకపోతే ఆయన వెళ్లేవాడు కాదు" అన్నారు.

"అవును సర్," అన్నాను. "అది రెండో జోక్యం. మొదటిది మా చప్పట్లు. రెండోది తప్పని మీరు రాయమంటే రాస్తాం. అప్పుడు మొదటిది కూడా రాయాలి. రెండూ ఇందులో ఉన్నాయి, చదవండి."

ఆయన చదివారు. అనూష తన థీసిస్‌లో అదే రాసింది. వ్యాపారి నేర్చుకునేది జనం ఇళ్లలో. మనలాంటివాళ్లు ఆయనకు వేరే కథ చెప్పి, ఆ కథకు చప్పట్లు కొడితే, ఆయన నేర్చుకోవడం ఆగిపోతుంది. నా గురువు రాసిన కేసు మీద నా శిష్యురాలు రాసిన ఆ మాట చదివినప్పుడు నా ఒళ్లు పులకరించింది. దాచుకోవడం ఎందుకు, గర్వంతోనే పులకరించింది.

రాజయ్య

ఇక ఒక్క పని మిగిలింది. అచ్చు వేసే ముందు, ఎవరి గురించి రాశామో వాళ్లకు చదివి వినిపించి, ఒప్పుకోలు తీసుకోవాలి. అనూషకు మాత్రమే కాదు, నాకూ భయంగానే ఉంది. అప్పుడే ఒక పెద్ద దుకాణం వాళ్లు యాదగిరి పెట్టెలను వరుసగా తీసుకుంటామని మాటలాడుతున్నారు. ఆ మాట ఇంకా పక్కా కాలేదు. ఇలాంటి సమయంలో ఈయన షెడ్డు మూసేసే స్థితికి వెళ్లాడు, ఈయన చేసిన సూపర్ దివాన్ ఎవరూ కొనలేదు అని అచ్చులో వస్తే వాళ్లు వెనక్కి తగ్గవచ్చు. అందుకే మా కట్టుబాటు ప్రకారం పేరు మార్చాం. ఊరి పేరు తీసేశాం. యాదగిరి అని ఉన్న ప్రతి చోటా రాజయ్య అని పెట్టాం.

షెడ్డులో రేకుల మీద కూర్చుని అనూష చదివింది. హవల్దార్ గారి భార్య తిట్టిన దగ్గర యాదగిరి తల ఊపాడు. క్లాసు చప్పట్ల దగ్గర కిందికి చూశాడు. అద్దాల గది గురించి, దసరా గురించి చదువుతున్నప్పుడు లక్ష్మి చేతిలోని బ్రష్ ఆగిపోయింది. చెప్పుల ముక్కల దాకా వచ్చి, రబ్బరు కాళ్ల దాకా వచ్చి అనూష ఆపింది.

 నేను అనుకున్నాను, వద్దంటాడు. అంటే అది ఆయన హక్కు. మూడేళ్ల పని పక్కన పెట్టేయాలి.

"అన్నీ గట్లనే అయినయి," అన్నాడు యాదగిరి. "నడుమ ఆ రాజయ్య ఎవడు?"

"మీరే అంకుల్," అంది అనూష. "మీకు ఇబ్బంది రాకూడదని పేరు మార్చాం. ఇది మీ గురించి అని ఎవరికీ తెలియదు."

"మొదాలు ఆచార్యులు సార్ రాసినప్పుడు నా పేరు పెట్టిండ్రు గద?"

"పెట్టారు," అన్నాను.

"ఫోటో సుత ఏసిండ్రు."

"వేశారు."

"గది అబద్ధం మేడం. నాకు బల్బ్ గిల్బ్ ఏం వెలగలే. అబద్ధానికేమో నా పేరు పెట్టిండ్రు. గిది నిజం. నిజానికి రాజయ్య పేరా?"

లక్ష్మి బ్రష్ కింద పెట్టింది. "ఆ దుకాణపోళ్లు చదివితే ఏమంటరు? నిన్న మొన్నటిదాంక బందు అయ్యేటట్టుండె, వీనితోని మనకెందుకు అంటరు. షెడ్డు మల్ల పోతే?"

యాదగిరి ఆమె వైపు తిరిగాడు. ఆమె మాట ఆయన తీసిపారేయలేదు, ఆలోచించాడు. అదీ చూశాను నేను.

"అననీ. వాళ్లు రాకపోతే నేను మెట్లెక్కి ఇండ్లకు వోత. గా పని నాకొస్తది," అన్నాడు. తర్వాత అనూషతో, "నా పేరే పెట్టు బిడ్డా. నేను ఎట్ల ఆగమైన్నో, ఎట్ల మల్ల నేర్సుకున్ననో అంతా నా పేరు మీద రాయి. రేపు నా అసొంటోడు చదివితే, ఎవడో రాజయ్య అనుకొని ఇడిసిపెట్టొద్దు. వచ్చి నన్ను అడగాలె."

అనూష నా వైపు చూసింది. ఇలాంటప్పుడు ఏం చేయాలో మా పనిలో ఏ పుస్తకంలోనూ రాసి లేదు.  తల ఊపాను.

ఆ అమ్మాయి ల్యాప్‌టాప్ తెరిచి రాజయ్య అన్న చోటల్లా యాదగిరి అని మార్చడం మొదలుపెట్టింది. ఆయన లేచి వచ్చి ఆమె వెనక నిలబడ్డాడు. లక్ష్మి కూడా వచ్చి నిలబడింది. ఒక్కొక్క పేజీ జరుగుతుంటే ఇద్దరూ వేలు పెట్టి వెతికారు.

"అయిపోయిందా?" అని అడిగాడు యాదగిరి. "ఇంకేడన్న రాజయ్య మిగిలిండా?"

"లేడు అంకుల్," అంది అనూష. "మీరొక్కరే ఉన్నారు."